రామగిరి ఇంటి ట్యూషన్‌లో రుణ సంఖ్యల భాగహారం: ఏడవ తరగతి పిల్లల తల్లిదండ్రుల కోసం ఒక సమీక్ష

నల్గొండలో ఏడవ తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే చోట్లకు కొదవ లేదు. గడియారం సెంటర్ నుంచి హైదరాబాద్ రోడ్డు వైపు వెళ్తూ తల పైకెత్తి చూస్తే చాలు, మేడల మీద ట్యూషన్ బోర్డులు వరుసగా కనిపిస్తాయి. నేను ఇక్కడ రాస్తున్నది బోర్డు కూడా లేని ఒక ఇంటి ట్యూషన్ గురించి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల స్కూల్ అసిస్టెంటుగా పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక ఉపాధ్యాయుడు రామగిరిలోని తన ఇంటి ముందు గదిలో దీన్ని నడుపుతున్నారు. చుట్టుపక్కల వాళ్లందరూ దీన్ని లెక్కల సారు ట్యూషన్ అనే అంటారు. బడిలో ఎస్ఏ-1 (మొదటి సమ్మేటివ్) పరీక్షకు ముందు మా అమ్మాయిని అక్కడ చేర్పించాము. ముఖ్యంగా పూర్ణ సంఖ్యల అధ్యాయం కోసం, అందులోనూ ధన, రుణ సంఖ్యల భాగహారం కోసం చేర్పించాము. పిల్లలను దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు వరండాలో కూర్చుని పాఠం వింటామంటే సారు అభ్యంతరం చెప్పరు కాబట్టి, ఇక్కడ రాసేదంతా నేను స్వయంగా చూసి, విని రాస్తున్నదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కాలు వచ్చి, గుర్తుల దగ్గర మాత్రమే తడబడే పిల్లలకు మా పట్టణంలో ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించలేదు. ఎక్కాలే సరిగా రాని పిల్లలకు, పరీక్ష పేపరు రాసే పద్ధతిని కూడా అక్కడే నేర్పించాలని ఆశించే తల్లిదండ్రులకు మాత్రం ఇది చాలదు.

ఈ అధ్యాయం పిల్లలను ఎందుకు తిప్పలు పెడుతుందో చెప్పకుండా ఈ ట్యూషన్ గొప్పతనం చెప్పడం కష్టం. ఆరవ తరగతిలో పిల్లలు సంఖ్యా రేఖ మీద సున్నాకు ఎడమ పక్కన ఉన్న సంఖ్యలను చూస్తారు, కూడటం, తీసివేయడం నేర్చుకుంటారు. ఏడవ తరగతిలో గుణకారం, భాగహారం వచ్చి చేరతాయి. ఇంతలో ఎవరో ఒకరు, బడిలోనో, కోచింగ్ సెంటర్‌లోనో, ఫోన్‌లోని వీడియోలోనో, పిల్లవాడి చేతికి ఒక అడ్డదారి అందిస్తారు: మైనస్, మైనస్ కలిస్తే ప్లస్. ఈ ఒక్క మాట పట్టుకుని పిల్లలు (−12) ÷ (−3) = 4 అని టక్కున చెప్పేస్తారు, అది సరైన జవాబే కాబట్టి అందరూ సంతోషిస్తారు. కానీ ఆ మాట అక్కడితో ఆగదు. మరునాడు అదే పిల్లవాడు −5 − 3 కనిపించగానే, రెండు మైనస్‌లు ఉన్నాయి కదా అని, 8 అని రాస్తాడు. అసలు జవాబు −8. పోయిన వారం కూడిక, తీసివేత బాగానే చేసిన పిల్లవాడు ఈ వారం వాటిని పాడు చేసుకుంటాడు. మా అమ్మాయి చదివే బడిలో ఎఫ్ఏ-1 (మొదటి ఫార్మేటివ్ పరీక్ష) పేపర్లు ఇచ్చిన రోజు నేను చూసిన నోట్‌బుక్కులన్నింటిలోనూ ఈ తప్పే ఎక్కువగా ఉంది. భాగహారం రాక పోయిన మార్కుల కంటే, భాగహారం నియమాన్ని తీసుకెళ్లి కూడికలో వాడటం వల్ల పోయిన మార్కులే ఎక్కువ.

ఈ ట్యూషన్‌లో ఆ మాటను మొదటి పాఠంలో నోటి వెంట రానివ్వరు. ఒక పిల్లవాడు అలవాటుగా దాన్ని పైకి అనగానే సారు అతన్ని ఆపి, కోప్పడకుండా, "అది తర్వాత మాట బిడ్డా, ముందుగాల నాకు గుణకారం చెప్పు" అన్నారు. ఆయన పద్ధతి అంతా ఈ వాక్యంలోనే ఉంది. భాగహారాన్ని ఆయన ఒక కొత్త పనిగా నేర్పరు, తిప్పి అడిగిన గుణకారంగా నేర్పుతారు. బోర్డు మీద (−36) ÷ 4 అని రాసి, పిల్లలను జవాబు అడగరు, ప్రశ్నను మార్చి చెప్పమంటారు. "నాలుగును దేనితోని గుణిస్తే మైనస్ ముప్పై ఆరు వస్తది?" అని పిల్లలే అనాలి. అలా అన్న తర్వాత 4 × 9 = 36 కాబట్టి అంకె 9 అని, గుణిస్తే మైనస్ రావాలి కాబట్టి అది −9 అయి ఉండాలని వాళ్లకే తోస్తుంది. వెంటనే దాని కింద 4 × (−9) = −36 అని సరిచూపు రాయిస్తారు. ప్రతి లెక్క కింద ఈ సరిచూపు ఉండాల్సిందే. లేకపోతే జవాబు సరైనదైనా ఆయన టిక్కు పెట్టరు.

అదే ప్రశ్నను 36 ÷ (−4) కి వేస్తే, −4 ను దేనితో గుణిస్తే 36 వస్తుందని అడగాలి. రుణ సంఖ్యను గుణించి ధన సంఖ్యను తేవాలంటే మరో రుణ సంఖ్యే కావాలి కాబట్టి జవాబు −9. (−36) ÷ (−4) కి, −4 ను దేనితో గుణిస్తే −36 వస్తుందని అడిగితే జవాబు 9. మూడు లెక్కలూ ఒకే ప్రశ్నతో తేలిపోయాయి. గుర్తులు ఒకటే అయితే భాగఫలం ధనం, వేరువేరైతే రుణం అన్న నియమాన్ని పిల్లలు ఆ మూడు లెక్కలను చూసి తామే బయటికి తీశారు. అప్పుడు మాత్రమే సారు దాన్ని బోర్డు పైభాగాన రాసి, పక్కనే పెద్ద అక్షరాలతో "గుణకారం, భాగహారం రెంటికే" అని చేర్చారు. ఆ చేర్పు కోసమైనా ఈ ట్యూషన్‌కు డబ్బు కట్టవచ్చని నాకు అనిపించింది.

రెండు రుణ సంఖ్యలను గుణిస్తే ధన సంఖ్య ఎందుకు రావాలి అన్న ప్రశ్నను కూడా ఆయన దాటవేయరు. (−3) × 3 = −9, (−3) × 2 = −6, (−3) × 1 = −3, (−3) × 0 = 0 అని ఒకదాని కింద ఒకటి రాసి, కుడి పక్కన జవాబులు ఎలా నడుస్తున్నాయో చూడమంటారు. ప్రతి మెట్టుకూ 3 పెరుగుతోందని పిల్లలు గమనిస్తారు. తర్వాతి వరుసలో (−3) × (−1) రావాలి, ఆ నడక చెడకూడదంటే జవాబు 3 కావాలి. పెద్ద తరగతుల్లో, గుణకారాన్ని కూడికలోని ఒక్కో సంఖ్యకూ పంచే విభాగ న్యాయంతో ఇదే సంగతిని మరింత గట్టిగా నిరూపిస్తారు కానీ, పన్నెండేళ్ల పిల్లలకు ఈ వరుస చాలు. మా అమ్మాయి ఆ రాత్రి అన్నం తింటూ ఈ వరుసను మా అత్తమ్మకు చెప్పింది, ఆమె ఎదురు ప్రశ్నలు వేస్తే ఓపికగా మళ్లీ చెప్పింది. వేరొకరికి చెప్పగలిగేంతగా పాఠం వంటబట్టిందంటే అది ఆ బోధన బలమే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన పాఠం. రుణ సంఖ్యలకు సాధారణంగా ఇచ్చే ఉదాహరణలు మంచు కురిసే ఊళ్ల ఉష్ణోగ్రతలు, సముద్రంలో మునిగే జలాంతర్గాములు. ఎండాకాలం 45 డిగ్రీల దగ్గర తిరిగే నల్గొండలో సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతను పిల్లలు ఊహించుకోవడమే తప్ప చూడటం ఉండదు. సారు ఆ ఉదాహరణలను పక్కన పెట్టి నాగార్జునసాగర్ నీటిమట్టాన్ని తెచ్చారు. సాగర్ పూర్తి స్థాయి నీటిమట్టం 590 అడుగులని జిల్లాలో పేపరు చదివే ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు, ఎందుకంటే వానాకాలం వచ్చిందంటే ఇంట్లో పెద్దవాళ్ల మాట ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. నీరు దిగితే మార్పు రుణం, పెరిగితే ధనం. రాబోయే రోజులు ధనం, గడిచిన రోజులు రుణం. ఈ రెండు ఒప్పందాలు బోర్డు మీద రాసి లెక్క మొదలుపెట్టారు.

మట్టం 590 నుంచి 12 రోజుల్లో 566 కి దిగింది, రోజుకు మార్పు ఎంత? (−24) ÷ 12 = −2, అంటే రోజుకు రెండడుగుల చొప్పున దిగింది. ఇది అందరికీ సులభంగానే వచ్చింది. రోజుకు రెండడుగులు దిగుతూ ఉంటే మొత్తం 24 అడుగులు దిగడానికి ఎన్ని రోజులు పడుతుంది? (−24) ÷ (−2) = 12, అంటే ఇంకా పన్నెండు రోజులు. ఇక్కడ ఒక అమ్మాయి, "సార్, రెండు మైనస్‌లు పోయి ప్లస్ ఎందుకు అయిందో ఇప్పుడు తెలిసింది, రోజులు ముందుకే పోతాయి కదా" అంది. గదిలో మిగతా పిల్లలు కూడా ఒక్కసారిగా తలలూపారు. ఆ తర్వాత వచ్చిందే అసలు గట్టి ప్రశ్న. ఇదే వేగంతో నీరు దిగుతూ వస్తోంది, ఇప్పటి కంటే 24 అడుగులు ఎక్కువ మట్టం ఎప్పుడు ఉండేది? 24 ÷ (−2) = −12. జవాబులో మైనస్ వచ్చిందని పిల్లలు కాసేపు తికమకపడ్డారు. రోజులకు మైనస్ ఏమిటని ఒకడు అడిగాడు. గడిచిన రోజులను ఏమనుకున్నామో బోర్డు మీద చూడమన్నారు సారు. పన్నెండు రోజుల కిందట. మూడు రకాల గుర్తులకూ ఒకే జలాశయం మీద మూడు అర్థాలు దొరికాయి, ఆ మూడో అర్థాన్ని పిల్లలే చదివి చెప్పారు. ఇంటిపనిగా సాగర్ కనీస నీటిమట్టమైన 510 అడుగులను ఇచ్చి, పూర్తి మట్టం నుంచి అక్కడి దాకా రోజుకు రెండడుగుల చొప్పున దిగడానికి ఎన్ని రోజులు పడుతుందో కట్టమన్నారు. మార్పు −80, దాన్ని −2 తో భాగిస్తే 40. నీరు నిజానికి ప్రతిరోజూ ఒకే తీరుగా దిగదని, లెక్క కోసం అలా అనుకుంటున్నామని కూడా ఆయన చెప్పడం నాకు నచ్చింది, ఎందుకంటే పిల్లలు లెక్కలో చదివినదాన్ని బయట కూడా నిజమని నమ్ముతారు.

సున్నా దగ్గర కూడా అదే ప్రశ్న పనిచేసింది. 0 ÷ (−5) అంటే −5 ను దేనితో గుణిస్తే సున్నా వస్తుంది, జవాబు సున్నా. (−5) ÷ 0 అంటే సున్నాను దేనితో గుణిస్తే −5 వస్తుంది, అలాంటి సంఖ్య ఏదీ లేదు కాబట్టి ఆ భాగహారానికి అర్థం లేదు. 0 ÷ 0 సంగతేమిటని ఒక పిల్లవాడు పట్టుబట్టాడు. ఏ సంఖ్యను పెట్టినా సరిపోతుంది కాబట్టి ఒక్క జవాబు అంటూ తేలదు, అందుకే దాన్ని కూడా నిర్వచించరని చెప్పి, సారు బ్రహ్మగుప్తుడి మాట ఎత్తారు. 628వ సంవత్సరంలో రాసిన బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో ధనాన్ని ధనంతో, రుణాన్ని రుణంతో భాగిస్తే ధనమనీ, ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే రుణమనీ ఆయన స్పష్టంగా చెప్పారు, కానీ సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్న ఆయన మాటను ఇప్పటి గణితం అంగీకరించదు. ఐరోపాలో 18వ శతాబ్దంలో కూడా రుణ సంఖ్యలను ఒప్పుకోని గణితజ్ఞులు ఉండేవారని కూడా చెప్పారు. ఇది పరీక్షలో రాదు. అయినా, తమకు కష్టంగా ఉన్నది ఒకప్పుడు పండితులకు కూడా కష్టంగానే ఉండేదని తెలిసిన తర్వాత ఆ గదిలో ప్రశ్నలు అడిగే చేతులు పెరిగాయి. మా అమ్మాయి చేయి కూడా వాటిలో ఉంది, బడిలో ఆమె చేయి ఎత్తడం నేను ఎప్పుడూ వినలేదు.

అభ్యాసం కాగితాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా చోట్ల భాగహారం పాఠం అయితే వరుసగా ఇరవై భాగహారాలే ఇస్తారు, పిల్లలు గుర్తు నియమాన్ని యంత్రంలా వేసుకుంటూ పోతారు, అన్నీ సరిపోతాయి, పరీక్షలో మాత్రం దెబ్బతింటారు. ఇక్కడ ఒకే కాగితం మీద −8 − 4, (−8) × (−4), (−8) ÷ (−4), −8 + (−4), −8 − (−4) పక్కపక్కనే ఉంటాయి. అంకెలు అవే, గుర్తులు దాదాపు అవే, జవాబులు మాత్రం వరుసగా −12, 32, 2, −12, −4. పిల్లవాడు ఏ పని చేయాలో చూసి ఆగకపోతే ఈ కాగితం మీద ఒక్క వరుస కూడా దాటలేడు. మొదటి రోజు దాదాపు అందరూ తప్పులు చేశారు. సారు తప్పు జవాబును కొట్టేయరు, దాని పక్కన చిన్న సున్నా చుట్టి "ఏ పని?" అని మాత్రం రాస్తారు. పిల్లవాడు గుర్తు చూసుకుని, కూడికో గుణకారమో తేల్చుకుని, మళ్లీ చేసుకురావాలి.

బహుళ భాగహారాల మీద ఇచ్చిన లెక్క కూడా బాగుంది. (−48) ÷ 6 ÷ (−2) ఎంత? ఎడమ నుంచి కుడికి చేస్తే −48 ని 6 తో భాగిస్తే −8, దాన్ని −2 తో భాగిస్తే 4. ముందు కుడి పక్కనున్న 6 ÷ (−2) చేసేసి −3 తెచ్చుకున్న పిల్లలకు 16 వచ్చింది. రెండు జవాబులూ బోర్డు మీద రాయించి, ఏ జంటను ముందు చేసినా జవాబు మారకపోవడం అనే సహచర ధర్మం భాగహారానికి లేదని అప్పుడు చెప్పారు. 12 ÷ (−3) కి జవాబు −4 అయితే (−3) ÷ 12 కి పూర్ణ సంఖ్య జవాబే లేదని చూపి, స్థిత్యంతర ధర్మం (సంఖ్యల చోట్లు మార్చినా జవాబు మారకపోవడం), సంవృత ధర్మం (జవాబు ఎప్పుడూ పూర్ణ సంఖ్యే కావడం) కూడా లేవని అదే పాఠంలో తేల్చేశారు. ధర్మాలను బట్టీ పట్టించే పద్ధతి చూసి చూసి ఉన్న నాకు, ముందు లెక్కలో తప్పు చేయనిచ్చి తర్వాత ధర్మం పేరు చెప్పే ఈ క్రమం ఎంతో బాగా అనిపించింది. (−17) ÷ 5 చేస్తే శేషం ఎంత అని ఒకరు అడిగినప్పుడు, శేషం ఎప్పుడూ రుణం కాకూడదని, అందుకని −17 = 5 × (−4) + 3 అని ఒక్క వరుస రాసి, ఇది ఈ పరీక్షకు అవసరం లేదని చెరిపేశారు. ప్రశ్న అడిగిన పిల్లవాడికి జవాబు దక్కింది, మిగతా వాళ్ల దృష్టి చెదరలేదు.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది, పరీక్షలో రాసే పద్ధతి మీద శ్రద్ధ తక్కువ కావడం. జవాబు, సరిచూపు ఉంటే సారు తృప్తి పడతారు. ఎస్ఏ-1 లాంటి 80 మార్కుల పేపరులో వివరంగా రాయాల్సిన ప్రశ్నలకు సోపానాలకు మార్కులు ఉంటాయి. పద సమస్య అయితే ఇచ్చిన విషయం, ఏ గుర్తుకు ఏమని అనుకున్నామో, లెక్క, చివర ప్రమాణంతో సహా ఒక వాక్యం రాయాలి. మా అమ్మాయి పేపరులో ఈ అధ్యాయం నుంచి గుర్తు తప్పిన లెక్క ఒక్కటీ లేదు, కానీ సరైన జవాబులకు కూడా సోపానాలు లేవని మార్కులు తెగాయి. మనసులో చేయగలిగిన పిల్లలే ఇలా నష్టపోతారు, అది చూసి నాకు బాధ కలిగింది. ఈ సంగతి సారుతో చెప్తే ఆయన విన్నారు, తర్వాత పద సమస్యలకు ఒక రోజు కేటాయించారు కూడా. అది ఇంకా చాలదు. పూర్వపు ప్రశ్నాపత్రాలను గంట పెట్టి రాయించడం అక్కడ అలవాటు కావాలి.

రెండో లోపం ఎక్కాల విషయంలో ఉంది. ఏడు, ఎనిమిది ఎక్కాలు తడబడే పిల్లలు ఇద్దరు ముగ్గురు ప్రతి జట్టులోనూ ఉంటారు. తిప్పి అడిగిన గుణకారం అన్న పద్ధతి వాళ్లకు పనికి రాదు, ఎందుకంటే గుణకారమే వాళ్ల చేతిలో లేదు. సారు వాళ్లను పక్కన ఒక పెద్ద పిల్లవాడి దగ్గర కూర్చోబెడతారు. ఆ పెద్ద పిల్లవాడు మంచివాడే, కానీ అతను చేసేది ఎక్కం అప్పగించుకోవడమే. ఆ పిల్లలు పాఠంలో సగం వినకుండా పోతారు, ఫీజు మాత్రం అందరితో సమానమే. ముందే ఎక్కాలు పరీక్షించి, రానివాళ్లను ఒక నెల తర్వాత రమ్మని చెప్పడం తల్లిదండ్రులకు మేలు చేస్తుంది. కొన్నాళ్లు మా అమ్మాయి వెళ్లిన ఒక పెద్ద కోచింగ్ సెంటర్‌లో ఇంతకంటే ఎక్కువ మంది పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి, సూత్రాలను కోరస్‌గా పలికించేవారు, ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో తెలుసుకునే దారే లేదు. దానితో పోలిస్తే ఇది ఎంతో మేలు, అయినా ఈ విషయంలో ఇంకా మెరుగు పడాల్సింది ఉంది.

గది చిన్నది, పిల్లలు చాపల మీద కూర్చుంటారు, ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఒక్క ఫ్యాను సరిపోదు. బైకులు నిలపడానికి సందులో చోటు లేదు. ఇవి పెద్ద ఇబ్బందులు కావు. వేళలు మాత్రం ఆలోచించాల్సిన విషయం. ఉదయం జట్టు బడికి ముందే అయిపోతుంది, సాయంత్రం జట్టు ఎనిమిది దాటాక వదులుతారు. కనగల్, తిప్పర్తి వైపు నుంచి బస్సులో వచ్చి చదివే పిల్లలకు సాయంత్రం జట్టు కుదరదు. అలాంటి తల్లిదండ్రులు ఆదివారం జట్టు కావాలని అడిగితే సారు ఒప్పుకుంటారని నాకు నమ్మకం ఉంది, ఎందుకంటే నలుగురైదుగురు కలిసి అడిగిన సందర్భంలో ఆయన అలా చేశారు.

ఫీజు నెలకు 600 రూపాయలు. ఈ అధ్యాయం ఒక్కటే చెప్పించుకుంటామంటే సగం తీసుకుంటారు. ముద్రించిన నోట్సు ఏమీ ఇవ్వరు, అభ్యాసం కాగితాలకు వేరే డబ్బు అడగరు. బడి పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండటం ఆయనకు బాగా కలిసి వచ్చింది. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఇంగ్లీషు పేజీ చదివి, అర్థం కానప్పుడు తెలుగు పేజీ చూస్తారు. సారు రెండు భాషల్లోనూ విభాజ్యం (భాగించబడే సంఖ్య), విభాజకం (భాగించే సంఖ్య), భాగఫలం ఏవో వేలు పెట్టి చూపించమంటారు. ప్రైవేటు పుస్తకాలు వాడే బడుల పిల్లలు తమ పుస్తకం కూడా తెచ్చుకుంటే మంచిది, ఎందుకంటే వాటిలో సరైన జవాబుకు ఇన్ని మార్కులు, తప్పు జవాబుకు రుణ మార్కులు అనే రకం ప్రశ్నలు ఎక్కువగా వస్తాయి. సారు వాటిని అడిగితే చెప్తారు, అడగకపోతే ఆయన ఎంచుకున్న లెక్కలే చెప్తారు.

చేర్చాలనుకునే వాళ్లకు నా సూచన ఇది. పరీక్షకు కనీసం నెల ముందు పంపండి, పరీక్ష వారంలో వచ్చిన కొత్త పిల్లలను ఆయన తీసుకోరు. పంపే ముందు పిల్లల చేత రెండు నుంచి పన్నెండు దాకా ఎక్కాలు వెనక నుంచి కూడా చెప్పించి చూడండి. చేరిన మొదటి రోజు వరండాలో ఒక గంట కూర్చుని పాఠం వినండి, ఇంట్లో పిల్లలు లెక్క చేసేటప్పుడు జవాబు కింద సరిచూపు ఉందో లేదో చూడటం మీకూ వస్తుంది. సోపానాలు రాయించే పని మాత్రం ఇంట్లోనే పెట్టుకోండి, ఆదివారం ఒక పూట పాత ప్రశ్నాపత్రం ఇచ్చి గడియారం ముందు పెట్టి రాయించండి. దసరా సెలవుల ముందు జట్లు నిండిపోతాయి కాబట్టి, ఎస్ఏ-1 కోసం చేర్చాలంటే ఆగస్టులోనే వెళ్లి అడగడం మంచిది.